లేని మిల్లు

మొయినాబాద్ దగ్గర ఏటి ఒడ్డున గుడ్డల మిల్లు లేదు. చంద్రుడి మీద కూడా లేదు. అయితే ఈ రెండు ‘లేదు’లూ ఒకటి కావు. చంద్రుడి మీద మిల్లు లేదని ఎవరూ అనుకోరు, అనుకోవాల్సిన పనీ పడదు. చేవెళ్ల, మొయినాబాద్‌ల సంగతి అలా కాదు. ఉత్తరాన మూసీ, దక్షిణాన ఈసీ, నడుమ ఎర్రచెలకలూ నల్లరేగళ్లూ, ఆ చేలలో పత్తి, ఊళ్లను కలుపుకుంటూ పోయే బీజాపూర్ రోడ్డు, కూతవేటులో హైదరాబాదు బజారు. మిల్లు పెట్టదలచిన సేటు ఏమేం లెక్క చూసుకుంటాడో అవన్నీ ఇక్కడ ఉన్నాయి. 1877 నాటికే హైదరాబాదులో నూలు మిల్లు ఉంది. హుస్సేన్‌సాగర్ కట్ట కింద 1920లో దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు వచ్చింది, జనం నోట అది డీబీఆర్ మిల్లు. 1934లో వరంగల్లో ఆజంజాహి మిల్లు లేచింది. నగరానికి పడమటి దిక్కున, ఇంత అనువైన నేలలో మాత్రం, ఏటి పక్కన గుడ్డల మిల్లు చిమ్నీ లేవలేదు. ఎందుకు లేవలేదంటే చరిత్ర జవాబు చెప్తుంది. లేవకపోవడం అనేది అసలు ఒక సంగతేనా, దానికి కర్త ఉంటాడా, దాని పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుంది, దాని ఖర్చు ఎవరు భరించాలి అంటే చరిత్ర చాలదు. వాటికి మన తార్కికులనూ మీమాంసకులనూ పిలవాలి. ఈ ‘లేదు’ అనే ముక్క మీదే వాళ్లు కొన్ని వందల ఏళ్లు కొట్లాడుకున్నారు.

ముందు చరిత్ర. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. పదిహేను వేల మంది పోయారని అంచనా. మళ్లీ అలా జరగకుండా చూడమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరంలోకి రాకముందే వరదను పట్టి ఆపాలని ఆయన చెప్పాడు. ఆ ఆలోచన నుంచే గండిపేట దగ్గర మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద కోసం కట్టినవి తాగునీటి చెరువులయ్యాయి. ‘గండిపేట నీళ్లు’ అనే మాట హైదరాబాదీల నోట్లో ఎంత గర్వంగా పలికేదో పాతవాళ్లకు తెలుసు. అప్పటి నుంచి ఈ రెండు ఏళ్ల ఎగువ భూమి ఒక పట్టణం దాహానికి పూచీదారు అయింది. ఆ పూచీని కాగితం మీద పెట్టింది 1996 మార్చి 8న వచ్చిన 111 నంబరు జీవో. జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల మేర పరీవాహక ప్రాంతంలో కాలుష్యం వదిలే పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, నివాస కాలనీలు వద్దు. ఎనభై నాలుగు ఊళ్లు దాని కిందికి వచ్చాయి. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్, రాజేంద్రనగర్, షాబాద్, కొత్తూరు మండలాల ఊళ్లు అవి. మొత్తం విస్తీర్ణం 1.32 లక్షల ఎకరాలు. నేత మిల్లు అనే పేరు ఆ జీవోలో విడిగా ఉండాల్సిన పని లేదు. కిలో గుడ్డకు రంగు అద్దడానికి సుమారు వంద లీటర్ల నీళ్లు, ఒక్కోసారి అంతకు మించి ఖర్చవుతాయి. ఆ నీళ్లు ఉప్పుతో, రంగుతో, సోడాతో బయటికి రావాల్సిందే. కాబట్టి 1996కు ముందు ఇక్కడ ఎవరూ మిల్లు పెట్టలేదు, తర్వాత ఎవరూ పెట్టలేకపోయారు. ‘పెట్టలేదు’కూ ‘పెట్టలేకపోయారు’కూ మధ్య తేడాలోనే ఈ వ్యాసం నడుస్తుంది.

పదిహేడో శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం మొన్నమొన్నటి దాకా సంస్కృత పాఠశాలల్లో పిల్లలకు మొదటి పుస్తకం. ప్రపంచంలో ఉన్నవన్నీ ఏడు పదార్థాల్లో సర్దవచ్చని అది చెప్తుంది. ద్రవ్యం, గుణం, కర్మ, ఇలా ఆరు అయ్యాక ఏడోది అభావం. లేకపోవడాన్ని కూడా ఉన్నవాటి జాబితాలో రాసుకున్న ధైర్యం నైయాయికులది. ఆ అభావంలో నాలుగు రకాలు. వస్తువు పుట్టక ముందు ఉండే లేమి ప్రాగభావం. వస్తువు నాశనమయ్యాక మిగిలే లేమి ప్రధ్వంసాభావం. ఒక చోట ఎప్పుడూ లేకపోవడం అత్యంతాభావం. ఇది అది కాదు అనడం అన్యోన్యాభావం. ఆజంజాహి మిల్లు కథ ఈ లెక్కలో తేలిగ్గా ఇమిడిపోతుంది. 1934కు ముందు అది ప్రాగభావం, మిల్లు మూతపడి దాని స్థలంలో ప్లాట్లు పడ్డాక ప్రధ్వంసాభావం. మొయినాబాద్ మిల్లు మాత్రం ఇబ్బంది పెడుతుంది. పుట్టబోయే వస్తువుకే ప్రాగభావం ఉంటుంది, పుట్టనిదానికి దాన్ని అంటగట్టకూడదు. పోనీ అత్యంతాభావం అందామంటే, ఆకాశంలో పువ్వులా అసాధ్యమైనదేమీ కాదు. నేల ఉంది, నీళ్లున్నాయి, పత్తి ఉంది. ఎవరో అడ్డం నిలబడి పుట్టనివ్వకుండా ఆపిన లేమి ఇది. పాత జాబితాలో దీనికి గది లేకపోతే అది అన్నంభట్టు తప్పు కాదు. నేల మీద కుండ లేదన్న ఉదాహరణ చుట్టూ ఆలోచించినవాళ్లకు, కుమ్మరిని సారె దగ్గరికి పోనివ్వని జీవో ఎదురుపడలేదు.

దీనికి మొట్టమొదటి అభ్యంతరం ప్రాభాకర మీమాంసకులది. కుండ లేని నేల అంటే వట్టి నేలే, అక్కడ ‘కుండ లేమి’ అనే రెండో వస్తువేదీ కూర్చుని లేదు, మీరు మాటను వస్తువుగా పొరపాటు పడుతున్నారు అని వాళ్లు వాదించారు. ఈ వాదాన్ని నేటి భాషలోకి తెస్తే ఇలా ఉంటుంది: మొయినాబాద్‌లో పొలాలున్నాయి, అంతే. మిల్లు లేకపోవడం అంటూ ఒకటి పుట్టించి, దానికి విలువ కట్టి, దాని కోసం ఎవరికో బాకీ ఉన్నామనడం మాటల గారడీ. ఈ వాదం గట్టిదే, తీసిపారేయలేం. కానీ దీనికి భాట్టుల దగ్గర మంచి జవాబుంది. లేమిని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం ఉందని కుమారిలుడి అనుచరులు చెప్పారు. దానికొక షరతు పెట్టారు. వస్తువు ఉండి ఉంటే తప్పక కనిపించాల్సిన చోట, కనిపించాల్సిన వెలుతురులో కనిపించకపోతేనే అది లేదని తెలుస్తుంది. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని తేలదు. ఈ షరతులోనే అసలు సంగతి ఉంది. ‘లేదు’ అనే జ్ఞానం పుట్టాలంటే ‘ఉండి ఉండేది’ అనే ఊహ ముందు బలంగా నిలబడాలి. ఈ పరీవాహక ప్రాంతం విషయంలో ఆ ఊహ ఎంత బలమైనదో సుప్రీంకోర్టు రికార్డులే సాక్ష్యం. ఈసీ వైపు, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి రసాయన ఉత్పత్తులు తీసే ఫ్యాక్టరీ ఒకటి భూమి కొని, కట్టడం మొదలుపెట్టి, జీవో నుంచి 1997లో ప్రభుత్వం చేత మినహాయింపు కూడా సంపాదించింది. కాలుష్య నియంత్రణ మండలి అడ్డుపడింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లి, 1999 జనవరిలో ఒకసారి, 2000 డిసెంబరులో మరోసారి తీర్పు వచ్చింది. మినహాయింపు చెల్లదన్నారు. అంటే ఆ ఫ్యాక్టరీ లేకపోవడం వట్టి నేల కాదు. దాని వెనక ఐదారేళ్ల పోరు, ఫైళ్లు, వకీళ్లు, నిపుణుల నివేదికలు ఉన్నాయి. కుండ లేని నేలను కూడా ఎవరో ఒకరు కాపలా కాయాల్సి వస్తే, ఆ లేమి వస్తువు కాదనడం కష్టం.

ఆ 1999 తీర్పు తర్కం వైపు నుంచి చూస్తే మరింత ఆసక్తిగా ఉంటుంది. ముందుజాగ్రత్త సూత్రం అనే మాట అప్పటికే చట్టంలో ఉంది. జస్టిస్ ఎం. జగన్నాధరావు దాన్ని విప్పి, రుజువు భారం ఎవరిదో తేల్చారు. హాని జరుగుతుందని నీళ్లు తాగేవాడు నిరూపించనక్కర్లేదు, హాని జరగదని ఫ్యాక్టరీ పెట్టేవాడు నిరూపించాలి. లేమిని రుజువు చేయాల్సిన భారం ఇక్కడ యజమాని మీద పడింది, అది హాని తాలూకు లేమి. అనుపలబ్ధి షరతు తెలిసినవాడికి ఇది ఎంత కఠినమైన పనో వెంటనే అర్థమవుతుంది. చెరువులోకి కరిగి పోయే విషం కంటికి కనిపించదు. కనిపించకపోవడం దాని లేమికి రుజువు కాదు, అది చీకటి గదిలో కుండ. పరీక్ష వెలుతురు తెచ్చి చూపించాకే ‘లేదు’ అనాలి. మన తార్కికులు ఒక కుండ కోసం పెట్టుకున్న నియమాన్ని కోర్టు ఒక జలాశయానికి పెట్టింది. న్యాయమూర్తి ఆ శాస్త్రం తలచుకున్నారని నేను అనడం లేదు. సరైన ఆలోచన రెండు దారుల్లోనూ ఒకే చోటికి వచ్చిందని మాత్రం అంటున్నాను.

సరే, లేమి నిజమైనదే అనుకుందాం. దానికి ఫలం ఉంటుందా? ఇక్కడ మీమాంసకులు తీసిన ఒక సన్నని గీత ఈ మొత్తం వ్యవహారానికి కీలకం అని నా నమ్మకం. వేదంలో, ధర్మశాస్త్రాల్లో ‘చేయరాదు’లు చాలా ఉన్నాయి. కలంజం తినరాదు అని ఒక వాక్యం. కలంజం అంటే ఏమిటో వ్యాఖ్యాతలకే ఏకాభిప్రాయం లేదు, అది పక్కన పెడదాం. తింటే పాపం. మరి తినకపోతే? ఏమీ రాదు, అంటారు మీమాంసకులు. నిషేధాన్ని పాటించినవాడికి పుణ్యం పుట్టదు, పాపం తప్పుతుంది, అంతే. జీవితాంతం దొంగతనం చేయనివాడికి స్వర్గం రాసిపెట్టి ఉండదు. ఉదయించే సూర్యుణ్ణి చూడరాదు అని ఇంకో వాక్యం ఉంది. ‘రాదు’ అదే. కానీ ఆ వాక్యానికి ముందు ఇవి అతని వ్రతాలు అనే శీర్షిక ఉంది. ఆ ఒక్క మాట వల్ల అర్థం మారిపోతుంది. ఇక్కడ చూడకపోవడం కాదు, చూడనని సంకల్పించుకోవడం విధి. సంకల్పం క్రియ కాబట్టి దానికి ఫలం ఉంది. బయటి నుంచి చూసేవాడికి ఇద్దరూ ఒకలాగే కనిపిస్తారు, ఇద్దరూ ఏదో ఒకటి చేయడం లేదు. ఒకడిది నిషేధం, ఒకడిది వ్రతం. ఒకడికి లేమి మిగులుతుంది, ఇంకొకడికి ఫలం మిగులుతుంది.

వ్రతం ఎలా ఉంటుందో చూడాలంటే మొయినాబాద్ మండలం దాటి పోనక్కర్లేదు. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున చిలుకూరు బాలాజీ గుడి ఉంది. వీసా బాలాజీ అని దేశమంతా తెలుసు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. లెక్క తప్పకుండా చేతిలో గళ్ల కార్డు, ఒక్కో చుట్టుకు ఒక్కో గడిలో పెన్నుతో గీత. ఇన్ని వేల మంది తిరిగే గుడిలో ఒకటి మాత్రం కనిపించదు. అది హుండీ. డబ్బు తీసుకోరు, వీఐపీ దర్శనం టికెట్టు అమ్మరు. తెలుగునాట పేరున్న గుడికి వెళ్లే ఎవరి కళ్లైనా ముందు హుండీ కోసం వెతుకుతాయి. ఉండాల్సిన చోట, ఉండాల్సిన వెలుతురులో అది కనబడదు, కాబట్టి దాని లేమి గుడికి ఒక గుణంగా నిలిచింది. హుండీ పెట్టరాదని ఆ గుడి మీద ఎవరూ జీవో తేలేదు. అది వాళ్లు పెట్టుకున్న నియమం. అందుకే దానికి గౌరవం అనే ఫలం పుట్టింది. అదే గుడి గోడ దాటి పొలంలోకి వస్తే, అక్కడ రైతుకు కూడా ఒక లేమి ఉంది. తన భూమిలో తాను పెట్టలేనివి చాలా ఉన్నాయి. దానికి గౌరవం లేదు, ప్రతిఫలం లేదు, అడిగినవాళ్లూ లేరు. ఆ లేమి శీర్షికలో ‘వ్రతం’ అనే మాట ఎవరూ రాయలేదు.

ఇక్కడ ఒక పెద్ద అభ్యంతరం వస్తుంది. రైతులను త్యాగమూర్తులుగా చూపిస్తున్నావు, వాళ్లెవరికీ మిల్లు పెట్టే స్తోమత లేదు, పెట్టే ఆలోచనా లేదు, లేని కోరికను వదులుకోవడం త్యాగమా అని. నిజమే. ఎకరం రెండెకరాల్లో క్యారెట్టు, టమాటా, పూలు పండించుకునే మనిషికి మిల్లు సంగతి కలలో కూడా రాదు. కానీ అతను వదులుకున్నది మిల్లును కాదు, మిల్లు వచ్చే చోట పెరిగే భూమి ధరను. ఇంకా సూటిగా చెప్పాలంటే, అతను వదులుకుంటే పక్కవాడు పట్టుకుపోయాడు. జీవో వచ్చాక ఈ ఊళ్లలో కాలేజీలు వచ్చాయి, రిసార్టులు వచ్చాయి, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, ఎత్తు గోడల వెనక ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. లేఅవుట్‌కు అనుమతి లేని చోట భూమిని గుంటల్లెక్కన అమ్మే వ్యాపారం వచ్చింది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. కాగితం మీద అది వ్యవసాయ భూమి, కొన్నవాడి మనసులో ఇంటి స్థలం. వ్రతం సంకల్పం మీద నిలబడుతుంది కాబట్టి ఎవరూ చూడని చోట కూడా నిలబడుతుంది. నిషేధం భయం మీద నిలబడుతుంది కాబట్టి భయం లేనివాడి దగ్గర నిలబడదు. మిల్లు చిమ్నీ దూరానికి కనిపిస్తుంది, అందుకని మిల్లు రాలేదు. ఫామ్‌హౌస్ సెప్టిక్ ట్యాంకు దూరానికి కనిపించదు.

మరి మిల్లు వచ్చి ఉంటే మేలు జరిగేది కదా అనేవాళ్లున్నారు. వాళ్లను తేలిగ్గా తీసుకోకూడదు. ఆజంజాహి మిల్లు వేల కుటుంబాలకు తరాల పాటు అన్నం పెట్టింది. మిల్లు సైరన్ మీదే ఆ చుట్టుపక్కల బస్తీల పొద్దు గడిచేది. నెల జీతం, యూనియన్, పిల్లల చదువు, ఇవన్నీ పాలేరుతనం నుంచి బయటపడ్డ మనిషికి ఎంత విలువైనవో చెప్పాల్సిన పని లేదు. కులం అడగకుండా పని ఇచ్చిన చోటు పల్లెల్లో ఎన్ని ఉండేవి? నదిని కాపాడిన లేమి కొందరికి విముక్తిని కూడా ఆపేసింది. ఈ సంగతి ఒప్పుకోకుండా నది గురించి మాట్లాడటం కడుపు నిండినవాడి కబురు. అయితే తూకానికి రెండో పళ్లెం కూడా ఉంది. తమిళనాడులో నొయ్యల్ నది ఒడ్డున తిరుప్పూర్ బనియన్ల పరిశ్రమతో ఎదిగింది. దాని దిగువన, సాగు కోసం, 1992లో ఒరత్తుపాళయం ఆనకట్ట కట్టారు. దాన్లో నిలిచింది రంగుల అద్దకం యూనిట్ల మురుగు. ఉప్పు నీళ్లతో బావులు చెడి, పొలాలు చెడి, రైతులు కోర్టుకెక్కారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమంది. ఒకే నది ఒడ్డున రైతు పొలమూ పోయింది, అద్దకం కార్మికుడి పనీ పోయింది. నది ఒడ్డున మిల్లు వస్తే అన్నం పుడుతుందన్న మాట నిజమే. ఆ అన్నం ఎవరి కంచంలోంచి వస్తుందో లెక్క చూడకపోతే మాత్రం అది సగం నిజం. గండిపేట దిగువన ఒక మహానగరం ఉంది కాబట్టి ఇక్కడ ఆ లెక్క ఎవరో ఒకరు చూశారు.

తార్కికుడు అడిగే ఇంకో ప్రశ్న నాకు అన్నిటికంటే బరువుగా అనిపిస్తుంది. అభావానికి ఎప్పుడూ ఒక అధికరణం, అంటే ఒక చోటు ఉంటుంది. ఈ నేల మీద కుండ లేదంటే పక్క గదిలో ఉండవచ్చు. మొయినాబాద్‌లో లేని మిల్లు ఎక్కడ ఉంది? కాస్త ఉత్తరానికి పోతే పటాన్‌చెరు. అక్కడి పారిశ్రామికవాడ మందుల, రసాయనాల ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి దారి చూసుకుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. అదీ శుద్ధి అయ్యాక. హైదరాబాదు తాగే చెరువును కాపాడుకున్న చేతులే, హైదరాబాదు తాగని వాగును వదిలేశాయి. ‘ఇక్కడ లేదు’ అనే మాటను ‘లేదు’ అనుకుని తృప్తిపడటం తర్కంలో దోషం, ధర్మంలో అంతకంటే పెద్ద దోషం. నీళ్లలో మురికి కలపరాదని చెప్పిన మన శాస్త్రాలు ఎవరు తాగే నీళ్లు అని అడగలేదు. అందుకే నేను ఈ లేమిని మెచ్చుకున్నా దండ వేయలేను. అది సగం ధర్మం. పూర్తి కావాలంటే పటాన్‌చెరు నుంచి వచ్చిన మనిషి కూడా ఆ మాట ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఆ సగం కూడా కదులుతోంది. నగరానికి కృష్ణ నీళ్లు వచ్చాయి, మంజీర నీళ్లు వచ్చాయి, గోదావరి నీళ్లు వచ్చాయి. జంట జలాశయాల వాటా నగర సరఫరాలో 1.25 శాతం కూడా లేదని చెప్తూ 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 నంబరు జీవో తెచ్చింది. 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తేయాలని తీర్మానించింది. దీన్ని రియల్ ఎస్టేట్ కుట్ర అని కొట్టిపారేయడం సులువు. వాదంగా చూస్తే ఇది మీమాంసకుల మెడ మీదే పెట్టిన కత్తి. కనిపించే ప్రయోజనం దొరికితే కనిపించని ప్రయోజనం ఊహించకూడదన్నది వాళ్ల మూల నియమం. 111 జీవోకు కనిపించే ప్రయోజనం తాగునీరు. ఆ నీరు ఇప్పుడు తాగడం లేదు, ప్రయోజనం పోయింది, నియమమూ పోవాలి. నిషేధాన్ని నిషేధంగా మాత్రమే చూస్తే ఈ వాదానికి జవాబు లేదు, దాని ఆయుష్షు దాని ఉపయోగం ఉన్నంత వరకే. కానీ కనిపించే ప్రయోజనం ఒక్కటే అని ఎవరన్నారు? ఆ చెరువులను కట్టించింది దాహం కాదు, వరద. 2025 సెప్టెంబరు చివర్లో గేట్లు ఎత్తితే మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ప్రాంగణంలోకి వచ్చాయి. 1908 వరద వచ్చిందీ సెప్టెంబరు చివర్లోనే. ఎగువన చెలక ఉంటే వాన నీళ్లు కొంత ఇంకుతాయి, కొంత ఆగుతాయి. చెలక స్థానంలో కాంక్రీటు వస్తే అవే నీళ్లు ఒక్కసారిగా చెరువు మీద పడతాయి, చెరువు వాటిని నగరం మీదికి తోస్తుంది. నగరం గండిపేట నీళ్లు తాగకపోవచ్చు. గండిపేట నీళ్లు మాత్రం ఇప్పటికీ నగరంలోంచే పారతాయి.

చివరి అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేనే వేసుకుంటాను. ఏదైనా చేయకపోవడం ఎప్పుడూ పుణ్యమేనా? చేవెళ్ల రోడ్డు వెంట తొమ్మిది వందలకు పైగా పాత మర్రిచెట్లున్నాయి. వాటిని కొట్టవద్దని పర్యావరణవాదులు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు, రోడ్డు వెడల్పు ఏళ్ల తరబడి ఆగింది. ఆ ఇరుకు రోడ్డు మీద మనుషులు చనిపోతూనే ఉన్నారు. చెట్టు కొట్టకపోవడం కూడా ఒక కర్మే, దాని పర్యవసానాలు కూడా చేయనివాడి ఖాతాలోనే పడతాయి. గీత నాలుగో అధ్యాయం అకర్మలో కర్మను చూడమన్న మాట ప్రవచనాల్లో అరిగిపోయింది కానీ, దాని పదును ఈ రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. ఊరికే ఆపడం చాలదు. ఆపి, ఆ ఆపడానికి అయ్యే ఖర్చు ఒప్పుకుని, చెట్టు నిలుస్తూ మనిషీ నిలిచే దారి వెతకడం, ఆ వెతుకులాటకు డబ్బు పెట్టడం సంకల్పం కిందికి వస్తుంది. వ్రతానికీ మొండితనానికీ ఉన్న తేడా అదే.

వ్రతం రాజ్యాల మధ్య, ఊళ్ల మధ్య సాధ్యమేనా అంటే, సాధ్యమైన చోటు ఒకటుంది. మన జీవో వచ్చిన మరుసటి ఏడు, 1997 జనవరిలో, న్యూయార్క్ నగరం తన తాగునీటి కొండల్లోని ఊళ్లతో ఒప్పందం రాసుకుంది. నీళ్ల శుద్ధికి వందల కోట్ల డాలర్ల ప్లాంటు కట్టే బదులు ఎగువ ఊళ్ల సెప్టిక్ ట్యాంకులు బాగుచేయించడానికి, రైతుల పశువుల కొట్టాలు సర్దడానికి, ఊళ్లలో మురుగు శుద్ధికి డబ్బిచ్చింది. భూమి కొనాలంటే అమ్మడానికి ఇష్టపడ్డవాడి దగ్గరే కొంటానని షరతు ఒప్పుకుంది. అంతకు ముందు దశాబ్దాల్లో అదే నగరం జలాశయాల కోసం అక్కడి ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించి ముంచింది కూడా. దేవతలెవరూ లేరు అక్కడ. గతంలో ఆజ్ఞాపించి దెబ్బతిన్నవాళ్లు తర్వాత అడగడం నేర్చుకున్నారు, అంతే. చేవెళ్ల, మొయినాబాద్ రైతును ఇప్పటిదాకా రెండే ప్రశ్నలు అడిగారు. 1996లో ‘ఆగుతావా లేదా’, ఇప్పుడు ‘అమ్ముతావా లేదా’. ఎంతకు ఆగుతావు, ఏమిస్తే ఆగుతావు, ఎవరు ఇవ్వాలి అని ఎవరూ అడగలేదు. హైదరాబాదులో నల్లా బిల్లు తీసి చూస్తే నీటి చార్జీ కింద సీవరేజీ సెస్ అని ఒక పద్దు ఉంటుంది, నగరం మురుగు నగరం నుంచి పోవడానికి నగరం కట్టేది. పైనుంచి మురుగు రాకుండా ముప్ఫై ఏళ్లు ఆపిన ఎనభై నాలుగు ఊళ్ల పేర ఆ బిల్లులో పద్దు లేదు. ఉండాల్సిన చోట, కావలసినంత వెలుతురులో, అది కనిపించడం లేదు.